‘నో ఫైల్’ అంటే కార్డు ఖాళీ అని కాదు

ప్రశ్న: 64 కేబీ ర్యామ్ ఉన్న జెడ్80 ప్రాసెసర్ హోమ్ కంప్యూటర్‌కి సీపీ/ఎం 2.2 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ని పోర్ట్ చేస్తున్నానండి (దాని మీద నడిచేలా మారుస్తున్నాను). డిస్కుగా ఎస్‌డీ కార్డు పెట్టాను. తెరమీద ‘A>’ ప్రాంప్ట్ వస్తోంది, ఫైళ్ల జాబితా చూపే డిర్ కమాండ్ కొడితే మాత్రం ‘నో ఫైల్’. కార్డులో ఫైళ్లున్నాయి. ఎక్కడ చూడాలి?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ప్రాంప్ట్ దాకా వచ్చారంటే కష్టమైన భాగం గట్టెక్కినట్టే. బయాస్‌లోని (హార్డ్‌వేర్‌తో మాట్లాడే, మీరు రాసే భాగం) 17 జంపుల్లో, అంటే రొటీన్లకు దారి చూపే ఆదేశాల్లో, ఇప్పుడు అనుమానించాల్సింది రీడ్ (సెక్టారు చదివేది), సెట్‌డీఎంఏ (డేటా ఏ చిరునామాలో పడాలో చెప్పేది), సెక్‌ట్రాన్‌లనే (సెక్టారు నంబరు మార్చేది). రీడ్ అయ్యాక డైరెక్టరీ (ఫైళ్ల పేర్ల పట్టిక) బఫర్‌లోని మొదటి 16 బైట్లు హెక్స్‌లో తెరమీదికి తీయండి. 00, దాని వెనక ఫైలు పేరు రావాలి. అన్నీ E5 అయితే ఖాళీ చోటు చదువుతున్నారు: డీపీబీలోని (డిస్కు కొలతల పట్టిక) రిజర్వ్‌డ్ ట్రాకుల సంఖ్య, అంటే డైరెక్టరీకి ముందు వదిలేసే ట్రాకుల లెక్క, కార్డు ఇమేజ్‌తో కలవలేదు. పొంతన లేని చెత్త ఉంటే మీ రీడ్ ఎప్పుడూ 0080 (హెక్స్) అనే మామూలు బఫర్ చిరునామాకే కాపీ చేస్తోందేమో చూడండి. డైరెక్టరీ కోసం బీడాస్ (సీపీ/ఎంలో ఫైళ్లు చూసుకునే భాగం) సెట్‌డీఎంఏని పిలిచి వేరే బఫర్ చిరునామాను బీసీ రిజిస్టర్ జంటలో ఇస్తుంది, దాన్ని దాచుకుని వాడాలి.

కార్డు బ్లాకు 512 బైట్లు, సీపీ/ఎం సెక్టారు 128. సెక్టారు నంబరు కింది రెండు బిట్లే బ్లాకులో ఏ పావు భాగమో చెబుతాయి. నంబర్లు 0 నుంచా 1 నుంచా అన్నది సెక్‌ట్రాన్‌లో తేల్చుకోండి, చాలామంది ఇక్కడే ఒక అంకె తేడాతో తప్పుతారు.

రాయడానికి వచ్చేసరికి, బయాస్‌లోని రైట్‌ని పిలిచినప్పుడు సీ రిజిస్టర్‌లో 1 ఉంటే రాయాల్సింది డైరెక్టరీ. బఫర్‌లో ఆపకుండా వెంటనే కార్డుకి రాసేయండి. ఈలోగా కరెంటు పోతే ఫైలు పేరే మిగలదు.