మ్యాక్ కొనే ముందు రెండు నెలలు ఆగండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మావాడు బీఎస్సీ రెండో సంవత్సరం, కీబోర్డు బాగా వాయిస్తాడు. ఇంట్లోనే పాటలు చేస్తాను, లాజిక్ ప్రో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కావాలి, దానికోసం మ్యాక్ కంప్యూటర్ కొనివ్వమని పట్టుబట్టాడు. కొనొచ్చా? ఇందులో బతుకుదెరువు ఉందా?

జవాబు: ఇప్పుడే కొనకండి. లాజిక్ మంచిదే గానీ విండోస్‌లో నడవదు. ఒక్క సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటరే మార్చడం ఈ దశలో దండగ. ఉన్న ల్యాప్‌టాప్‌లోనే రీపర్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ వేసుకోమనండి. 60 రోజులు ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు, ఆపైన సొంత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు. పాత మెషిన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. దాంట్లో లోటల్లా వాయిద్యాల శబ్దాలే. వాటికి ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు, విడిగా వేసుకోవాలి.

బీట్లు కట్టడం మీదే మోజుంటే ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ హాయి. కానీ దాని ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు, కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. అందులో చౌకైన ఫ్రూటీ ఎడిషన్‌తో గొంతు రికార్డు చేయలేం. పాడేవాళ్లుంటే ప్రొడ్యూసర్ ఎడిషనే తీసుకోవాలి. స్టూడియోలో చేరే ఆలోచన ఉంటే, స్టూడియోల్లో వాడే ప్రోటూల్స్ సాఫ్ట్‌వేర్‌లో ఇంట్రో ఎడిషన్ ఉచితం, 8 ఆడియో ట్రాకులిస్తుంది.

డబ్బు పెట్టాల్సింది ముందు ఆడియో ఇంటర్‌ఫేస్ మీద, అంటే మైకును, వాయిద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె మీద. మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తోందంటే సాధారణంగా తప్పు బఫర్‌ది, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శబ్దం ముక్కది. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో (ASIO) డ్రైవర్ వేసి, సెకనుకు 48 వేల శాంపిళ్లు తీసే 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 128 శాంపిళ్లు పెడితే అక్కడ పట్టే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లే. చిటపటలొస్తే 256కి పెంచాలి. రికార్డయిన ట్రాకులన్నీ కలిపి సరిచేసే మిక్సింగప్పుడు 1024 పెట్టినా నష్టం లేదు. గొంతు పీకులు, అంటే బాగా గట్టిగా పలికే చోట్లు, సాఫ్ట్‌వేర్ మీటర్ మీద మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. సున్నా దాటి పగిలిన గొంతు మళ్లీ అతకదు. గుయ్యిమని హమ్ వస్తుంటే ఛార్జర్ పీకి చూడండి. ఆగిందంటే లోపం ఎర్తింగ్‌లోనో ఛార్జర్‌లోనో ఉంది, మైకులో కాదు. మన ఎండల్లో ఫ్యాన్ ఆపి పగలు పాడటం నరకం, పాటలు తెల్లవారుజామున పెట్టుకోమనండి.

పని దొరకాలంటే ఒకటి చేతికి రావాలి. ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలు ఇంకోదాంట్లో సాధారణంగా తెరుచుకోదు, వేవ్ (WAV) ఆడియో ఫైళ్లు ఎందులోనైనా తెరుచుకుంటాయి. ఒక పాట చేసి, తబలా వేరు, గొంతు వేరు, బేస్ వేరు, అన్నీ పాట మొదలైన సున్నా సెకను నుంచే 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌లుగా తీయమనండి. అవి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వేస్తే తాళం తప్పకుండా కలవాలి. అది వచ్చినవాడు ప్రొద్దుటూరులో కూర్చునే హైదరాబాద్ వాళ్లకు పని చేసిపెట్టగలడు.

రాబడి మాత్రం నెలనెలా జీతంలా రాదు, అందుకే డిగ్రీ ఆపనివ్వకండి. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివుంటే, డిగ్రీ అయ్యాక పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సినిమా శిక్షణ సంస్థల్లో సౌండ్ కోర్సులకు ప్రయత్నించొచ్చు. ఆ ఏటి నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకుని దరఖాస్తు చేయించండి.