వాననీటి కాలుష్య నియంత్రణ సర్టిఫికెట్: విశాఖలోని సైట్ ఇంజనీరుకు ఏది ఉపయోగం?

మధురవాడలో రెండేళ్లుగా సైట్ ఇంజనీరుగా ఉన్నాననీ, అమెరికా ప్రాజెక్టులు చూసే ఒక సంస్థ ఇంటర్వ్యూలో నిర్మాణ స్థలాల వాననీటి కాలుష్య నియంత్రణపై సర్టిఫికెట్ ఉందా అని అడిగారనీ, దేనితో మొదలుపెట్టాలో చెప్పమనీ మీరు రాశారు.

ముందుగా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి ఉచిత ఆన్‌లైన్ తనిఖీ కోర్సు చేయండి. అక్కడ ఎకరం, అంతకు మించి నేలను కదిలించే పనులకు, సైట్ నుంచి వాననీటిని బయటికి వదిలేందుకు అనుమతి తీసుకోవాలి. ఈపీఏ 2022లో ఇచ్చిన సాధారణ అనుమతి (నిర్మాణ స్థలాలన్నిటికీ ఒకే షరతులతో ఉండే జనరల్ పర్మిట్) కింద పనిచేసే సైట్లలో తనిఖీ చేసేవారు ఈ కోర్సు పరీక్ష నెగ్గి ఉండాలి, లేదా తగిన మరో సర్టిఫికెట్ కలిగి ఉండాలి. చాలా రాష్ట్రాలు సొంత అనుమతులు ఇస్తాయి కాబట్టి, ప్రాజెక్టు ఏ రాష్ట్రంలోదో తెలుసుకోకుండా ఎక్కడా ఫీజు కట్టకండి. సీపీఈఎస్‌సీ (నేలకోత, మట్టి కొట్టుకుపోవడం అరికట్టే నిపుణులకిచ్చే సర్టిఫికెట్) పెద్ద అర్హతే గానీ దానికి అనుభవం చూపాలి. ఇప్పుడే తొందర లేదు.

మన దగ్గర 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉండే భవనాలకు 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. తనిఖీదారు సర్టిఫికెట్ మాత్రం నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అయినా ఈ విషయాలు చదివినందుకు నష్టపోలేదు.

కొమ్మాది వైపు కొండవాలు మీద అపార్టుమెంటు పని చేస్తున్నప్పుడు, అక్టోబరు వాయుగుండానికి ముందు పల్లపు అంచు పొడవునా సిల్ట్ ఫెన్స్, అంటే కొట్టుకొచ్చే మట్టిని ఆపే గుడ్డ కంచె, కట్టించాను. తెల్లవారి గేటు దగ్గర నుంచి చూస్తే గుడ్డ నిటారుగానే ఉంది. కిందికి దిగి చూస్తే దాని అంచు నీటి తోపుకు లేచి లేచి పడుతోంది, ఎర్రమట్టి నీరు దాని కిందుగా గెడ్డలోకి పోతోంది. మేస్త్రీని అడిగితే, "కట్టమన్నారు, కట్టాం సార్. పాతమని చెప్పలేదు కదా" అన్నాడు. తప్పు నాదే. చిన్న కందకం తవ్వి, గుడ్డ అంచును అందులో దించి, మట్టి కప్పి దిమ్మిసా కొట్టించాలని, గుడ్డ ఎత్తులో సగానికి చేరకముందే పేరుకున్న మట్టిని తీసేయాలని తర్వాత చదువుకుని తెలుసుకున్నాను.

కాంక్రీటు మిక్సర్ కడిగిన నీటి విషయమూ అంతే. తేటగా కనిపించినా అది తీవ్రమైన క్షారం, చేపలకు ప్రాణాంతకం. అందుకు టార్పాలిన్ పరిచిన గుంత వేరుగా ఉండాలి.

ఇంటర్వ్యూకి సర్టిఫికెట్‌తో పాటు మీ సైట్‌లో వానకు ముందు, వాన వెలిసిన మర్నాడు తీసిన ఫొటోలను తేదీలతో పట్టుకెళ్లండి. ఏది విఫలమైందో, ఎలా సరిచేశారో ఒక్కో ఫొటో కింద రెండు వాక్యాలు రాయండి.