పాత జట్లతో ఆడేవాళ్ల ప్రశ్నలు

ప్రశ్న: అక్కా, బాస్కెట్‌బాల్ వీడియో గేమ్‌లో నాకూ మా అన్నయ్యకూ రోజూ ఇదే గొడవ. అన్నయ్య 2016-17 గోల్డెన్ స్టేట్ వారియర్స్ తప్ప వేరే జట్టు ముట్టడు. నాకు 1995-96 షికాగో బుల్స్ అంటే ప్రాణం. పది ఆటల్లో ఏడు నేనే ఓడిపోతున్నాను. సీజన్‌లో 72 గెలిచి 10 మాత్రమే ఓడిన జట్టుకు ఈ గతేమిటి? అసలు గేమ్‌లో తిరుగులేని పాత జట్టు ఏది?

జవాబు: బుల్స్ స్టార్ మైకేల్ జోర్డాన్‌ను నువ్వు బాగానే ఆడిస్తున్నావని నమ్ముతాను తమ్ముడూ. చిక్కంతా అదే జట్టులోని డెన్నిస్ రాడ్‌మన్ దగ్గర. ఆ సీజన్‌లో అతను ఆటకు సగటున 14.9 రీబౌండ్లు (గురితప్పి వెనక్కి వచ్చిన బంతులు) పట్టి ఎన్‌బీఏ అనే అమెరికా లీగ్‌లో మొదటివాడిగా నిలిచాడు. కానీ దూరం నుంచి బాస్కెట్ వేసే మనిషి కాదు. మీ అన్నయ్య ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టి ఉంటాడు. రాడ్‌మన్‌ను కాయాల్సిన ఆటగాణ్ని తెచ్చి జోర్డాన్ మీదికి తోస్తున్నాడు. ఇద్దరేసి మీద పడితే జోర్డాన్ మాత్రం ఏం చేస్తాడు? మూడో క్వార్టర్ నుంచి రాడ్‌మన్ బదులు టోనీ కూకోచ్‌ను దించి చూడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ సిక్స్త్ మ్యాన్ (బెంచి మీద నుంచి వచ్చే ఆటగాడు) అతనే. బయటి నుంచి వేస్తాడు, పాస్ కూడా చక్కగా ఇస్తాడు. అతన్ని వదిలేసి వెళ్లే ధైర్యం ఎవరికీ ఉండదు. వారియర్స్ షూటర్ స్టెఫెన్ కర్రీ మీద మీ పిప్పెన్‌ను పెట్టు. ఆ పొడుగు చేతులు ఎదురుగా ఉంటే కర్రీకి ఊపిరాడదు.

ఒక్క విషయం గుర్తుంచుకో. బుల్స్‌లోని స్టీవ్ కెర్ త్రీ పాయింటర్ల (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల) శాతం ఆ ఏడాది 51.5, జోర్డాన్‌ది 42.7. కెర్ ఏ గీత మీదైనా మంచి షూటరే, అందులో సందేహం లేదు. అయితే 1994-95 నుంచి మూడు సీజన్ల పాటు లీగ్ ఆ గీతను చుట్టూ 22 అడుగులకు దగ్గర చేసింది. ఇప్పుడు బాస్కెట్‌కు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు. అందుకే ఇప్పటి గీత మీద బుల్స్‌తో ఆడుతూ త్రీల మీదే ఆశ పెట్టుకోకు.

ఇక నీ అసలు ప్రశ్న. నా ఓటు 1985-86 బోస్టన్ సెల్టిక్స్‌కి. ఆశ్చర్యంగా ఉందా? ఆ సీజన్‌లో వాళ్లు 67 గెలిచి 15 ఓడారు. సొంత గడ్డ మీద 41 ఆడితే ఓడింది ఒక్కటే, అదీ పోర్ట్‌లాండ్ చేతిలో. అయితే నా ఓటుకు కారణం ఈ లెక్కలు కావు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువ త్రీలు వేసింది లారీ బర్డ్. ఎన్నో తెలుసా? 82. సీజన్ మొత్తానికి! సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత 2015-16లో కర్రీ వేసినవి 402. బర్డ్‌కు చేతకాక కాదు, అప్పటి ఆట అలాంటిది. గీత వచ్చింది 1979లో. కోచ్‌లు ఇంకా దాన్ని ఒక వింతలాగే చూసేవాళ్లు. గేమ్‌లో మాత్రం బర్డ్ మన చేతిలో ఉంటాడు. అతని కోచ్ అడగనన్ని త్రీలు మనం అడగొచ్చు. ఏ జట్టు దగ్గర దాని కాలం వాడుకోని సరుకు ఎక్కువుందో అదే గేమ్‌లో గట్టి జట్టు. ఇరవై ఏళ్లుగా ఆడుతూ నేను గమనించింది ఇదే.

ఇది నేను ఓడిపోయి నేర్చుకున్న పాఠం. ఒక రాత్రి నేను వారియర్స్, మా తమ్ముడు సెల్టిక్స్. మూడో క్వార్టర్ అయ్యేసరికి నాకు 14 పాయింట్ల ఆధిక్యం. గెలిచేశాననే అనుకున్నాను. అక్కడి నుంచి వాడు ఒకే ఎత్తు పట్టుకున్నాడు. సెల్టిక్స్ పొడుగాటి ఆటగాడు మెక్‌హేల్‌తో స్క్రీన్ పెట్టిస్తాడు (నా ఆటగాడి దారికి అడ్డంగా నిలబెడతాడు), దాంతో మెక్‌హేల్‌ను కాయడం నా కర్రీ వంతవుతుంది. వాడు ఎడమ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని వీపుతో నెట్టుకుంటూ లోపలికి వస్తాడు. ఒకసారి ఇటు తిరిగినట్టు చూపిస్తాడు, కర్రీ గాల్లోకి లేస్తాడు, మెక్‌హేల్ కర్రీ చంక కింద నుంచి బంతిని మెల్లగా పైకి వదులుతాడు. రెండు పాయింట్లు. మళ్లీ అదే. ఇక లాభం లేదని నా జట్టులోని డ్యూరంట్‌ను సాయానికి పంపాను. ఆ క్షణంలోనే బంతి మూలన ఉన్న బర్డ్‌కు వెళ్లింది, చుట్టూ ఎవరూ లేరు. నా కంట్రోలర్ చెమటతో జారిపోతోంది. తెర మీద చూస్తే కర్రీ ఓపిక చూపే గీత ఎర్రబడింది, కాళ్లు కదలడం లేదు. రెండు పాయింట్ల తేడాతో ఓడాను. మెక్‌హేల్‌ను ఆపాలంటే బర్డ్‌ను వదలాలి, బర్డ్‌ను కాస్తే మెక్‌హేల్ చంపుతాడు. వాళ్లిద్దరికీ విశ్రాంతి ఇచ్చినా బెంచి మీద మరో దిట్ట బిల్ వాల్టన్ ఉంటాడు. వారియర్స్ సామాన్యులేం కాదు, 2017 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీల్లో) 16 గెలిచి ఒక్కటే ఓడారు. కంప్యూటర్‌తో ఆడితే నేనూ వాళ్లనే తీసుకుంటాను. ఎదురుగా ఆలోచించే మనిషి కూర్చున్నప్పుడు మాత్రం నాకు సెల్టిక్స్ కావాలి.

ప్రశ్న: వరసగా 33 ఆటలు గెలిచిన 1971-72 లేకర్స్‌ని తీసుకుంటే చిత్తుగా ఓడిపోతున్నాను. విల్ట్ చాంబర్లిన్ ఉండి కూడా ఎందుకిలా?

జవాబు: మీరు మనసులో పెట్టుకున్న విల్ట్ వేరు, ఈ జట్టులో ఉన్న విల్ట్ వేరు. 1962 మార్చి 2న ఒకే ఆటలో 100 పాయింట్లు కొట్టినవాడు ఇక్కడ లేడు. ఈయనకు అప్పటికి 35 ఏళ్లు. ఆటకు సగటున 14.8 పాయింట్లే, కానీ రీబౌండ్లు 19.2. పాయింట్ల బాధ్యత గుడ్‌రిచ్, జెర్రీ వెస్ట్‌లది, చెరో పాతికకు పైగా కొట్టేవాళ్లు. మీరు ప్రతిసారీ బంతిని విల్ట్‌కు ఇచ్చి ఎదురుచూస్తున్నట్టున్నారు. ఆయన చేత రీబౌండ్ పట్టించి, వెంటనే వెస్ట్‌కు ఇప్పించి పరిగెత్తండి.

అయినా కష్టమే అనుకోండి. అప్పటికి ఎన్‌బీఏలో త్రీ పాయింట్ గీతే లేదు. వెస్ట్ ఎంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు, అందుకే ఆ జట్టు ఆటంతా రెండేసి పాయింట్ల లెక్కనే నడిచేది. మూడేసి కొట్టే జట్టుకు రెండేసి కొడుతూ బదులు చెప్పడం తలకు మించిన పని. ఈ జట్టుతో ఆడేటప్పుడు ఇంకో సంగతి నా మనసులో మెదులుతూ ఉంటుంది. ఆ జట్టు పాత స్టార్ ఎల్జిన్ బేలర్ మోకాళ్లు సహకరించక ఆ సీజన్ మొదట్లోనే రిటైరయ్యాడు. ఆ 33 గెలుపులు మొదలైంది ఆయన తప్పుకున్న తర్వాతి ఆటతోనే. ఆ సీజన్ చివర్లో జట్టు టైటిల్ గెలిచింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రశ్న: షకీల్ ఓనీల్ ఉన్న 2000-01 లేకర్స్ ఎలా ఉంటుంది? అతని ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే అడ్డు లేకుండా వేయనిచ్చే షాట్లు) తలుచుకుంటేనే టెన్షన్.

జవాబు: తీసుకోండి, భయపడకండి. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో 15 గెలిచి ఒక్కటి ఓడిన జట్టు అది. ఆ ఒక్కటీ ఫైనల్స్ మొదటి ఆటలో, ఎదుటి జట్టు ఐవర్సన్ 48 పాయింట్లు కొట్టిన రోజు. ఫ్రీ త్రోల విషయంలో మీ భయం నిజమే. 2000 డిసెంబరులో ఒక ఆటలో షాక్ (ఓనీల్‌ను అందరూ పిలిచే పేరు) 11 ఫ్రీ త్రోలు వేస్తే ఒక్కటీ పడలేదు. కానీ గేమ్‌లో ఫ్రీ త్రో మీ బొటనవేలి మీద ఆధారపడుతుంది. బటన్ వదలాల్సిన క్షణం షాక్‌కు చాలా చిన్నగా ఉంటుంది, అంతే. తెర మీద ఆ క్షణాన్ని చూపే మీటర్ మీద కన్ను పెట్టకండి. అతని చేతులు నుదుటి పైకి లేచే తీరు చూసి వదలడం అలవాటు చేసుకోండి. ప్రాక్టీస్ కోర్టులో రోజుకు యాభై వేస్తే నెలలో చెయ్యి కుదురుతుంది. షాక్ తన కెరీర్ అంతా పడిన ఇబ్బందిని మీరు ఇంట్లో కూర్చుని చాలావరకు తీర్చేయొచ్చు. అప్పుడు అతన్ని ఆపే దారి ఎదుటివాడికి ఒక్కటీ మిగలదు.

ప్రశ్న: చిన్నప్పుడు ఇద్దరిద్దరు ఆడే ఎన్‌బీఏ జామ్ గేమ్‌లో నేను బుల్స్, మా బావ డెట్రాయిట్ పిస్టన్స్. చివరి సెకన్లలో నా షాట్ పడేదే కాదు. నా భ్రమేనా?

జవాబు: భ్రమ కాదండీ! 1993లో ఆ గేమ్‌ను తయారుచేసిన మార్క్ టర్మెల్ పిస్టన్స్ వీరాభిమాని. బుల్స్ మీద ఉన్న కోపంతో, పిస్టన్స్‌తో ఆడేటప్పుడు బుల్స్ చివరి క్షణం షాట్లు తప్పిపోయేలా ప్రోగ్రామ్ రాశానని ఆయనే తర్వాత చెప్పాడు. మీ బావగారికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ గేమ్ కొత్త. పాత జట్లలో దేనితో మొదలుపెట్టమంటారు? చార్లెస్ బార్క్‌లీ ఉన్న జట్టు కావాలంటోంది.

జవాబు: బార్క్‌లీ దొరకడం కష్టం. రిటైరైన ఆటగాళ్ల సంఘానికి మంచి మొత్తం ఇస్తేనే గేమ్‌లో తన బొమ్మ వాడుకోనిస్తానని ఆయన పట్టుబట్టాడు. అందుకే చాలా ఏళ్లు ఆయన ఆడిన పాత జట్లు గేమ్‌లో ఆయన లేకుండానే వచ్చాయి. పాపకు నచ్చజెప్పండి.

మొదటి జట్టుగా 1986-87 లేకర్స్‌ని ఇవ్వండి. మ్యాజిక్ జాన్సన్ ఆ ఏడాది ఆటకు సగటున 12.2 అసిస్టులు (తోటివాడు బాస్కెట్ వేసేలా ఇచ్చే పాస్‌లు) ఇచ్చాడు. బంతి అతని చేతిలో ఉంటే పాస్ ఎవరికివ్వాలో పాపకే కనిపిస్తుంది. షాట్లు నేర్పకండి, డంక్‌లు అసలే వద్దు. మొదటి వారం ఒక్కటే చేయమనండి. కరీమ్ రీబౌండ్ పట్టగానే బంతి మ్యాజిక్‌కు ఇచ్చి, తల పైకెత్తి కోర్టు కుడి అంచు చూడమనండి. అక్కడ జేమ్స్ వర్తీ ఇప్పటికే పరిగెడుతూ ఉంటాడు.