ఓడీసీ పర్మిషన్లు దొరుకుతాయి, అన్నీ ఒకే రోజు చెల్లేదే కష్టం

ప్రశ్న ఏందంటే, "సీమలో సోలార్, గాలిమరల పనులు బాగా నడుస్తున్నాయి కదా, ఒక పుల్లర్, కొన్ని హైడ్రాలిక్ యాక్సిల్స్ తీసుకుని ఓడీసీ లోడ్లు కొట్టాలనుకుంటున్నా, పర్మిషన్లు నిజంగానే అంత కష్టమా లేక ఏజెంట్లు ఊరికే భయపెడతారా" అని. ఓడీసీ అంటే మామూలు లారీలో పట్టని, కొలతలు మించిన సరుకు. పుల్లర్ దాన్ని లాగే బండి, హైడ్రాలిక్ యాక్సిల్స్ అంటే సరుకు కింద వరుసలుగా టైర్లుండే ట్రైలర్.

ఏజెంట్లు భయపెడతారు, అది నిజమే, కానీ భయపడాల్సిన చోట కాదన్నా. వాళ్లు అమ్మేది ఢిల్లీ కాగితం, అంటే నేషనల్ హైవే పర్మిషన్, కాబట్టి ఢిల్లీ కాగితమే కష్టం అని చెప్తారు. మీ బండి నిలబడిపోయేది మాత్రం సైట్ ఇంకో 10, 12 కిలోమీటర్లు ఉందనగా, ఏదో ఊరి బయట, చింతచెట్టు కింద.

నేను అనంతపురంలో ఉంటా. బండ్లు నావి కావు. పెద్ద లోడ్లు ఈ పక్కకు వచ్చినప్పుడు ముందుగా పోయి రూట్ సర్వే చేయడం, లోకల్ పర్మిషన్లు తేవడం, లైన్‌మ్యాన్‌లను బతిమాలుకోవడం, రైతులతో తిట్లు తినడం, ఇదీ నా పని. రామగిరి గాలిమరలు ఎప్పటివో, అప్పటి బండ్లు ఇప్పుడు చూస్తే బొమ్మల్లెక్క ఉంటాయి. కర్నూలు పక్క గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చినాక, ఈ పక్క ఎన్‌పీ కుంట వచ్చినాక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల రాకపోకలు బాగా పెరిగినాయి, కాబట్టి పని ఉంది, అందులో అనుమానం లేదు.

సరే ఢిల్లీ కాగితం సంగతి తొందరగా చెప్పేస్తా. నేషనల్ హైవే మీద పోవాలంటే కేంద్ర రవాణా శాఖ పోర్టల్లో అప్లై చేయాల, బండీ లోడూ కలిపి 169 టన్నుల లోపల ఉండి, హైడ్రాలిక్ యాక్సిల్ లైనుకు (అంటే ఒక వరుస టైర్లకు) 18 టన్నులు దాటకుండా ఉంటే పెద్ద గొడవ లేదు. అంతకు మించితే దారిలో బ్రిడ్జిలు ఒక్కోటి చూసి చెప్పాలంటారు, నెలలు పట్టినా అది న్యాయమే, బ్రిడ్జి కూలితే ఎవురు కడతారు. కొత్త బ్రిడ్జిలకు 385 టన్నుల స్పెషల్ వెహికల్ లెక్క ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కోడ్‌లోనే ఉంది, కానీ ఆ లెక్క కూడా బండి రోడ్డుకు నట్టనడుమ, గంటకు 5 కిలోమీటర్లకు మించకుండా, బ్రిడ్జి మీద ఇంకో బండి లేకుండా పోతేనే. పాత బ్రిడ్జిలకు అది కూడా లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మామూలు లారీ వెనక సింగిల్ యాక్సిల్‌కు 4 టైర్లు ఉంటే 2018 నుంచి 11.5 టన్నులు ఒప్పుకుంటారు, అంటే టైరుకు 2.9 టన్నులు దగ్గర దగ్గర. మా హైడ్రాలిక్ యాక్సిల్ లైనుకు 8 టైర్లు, 18 టన్నులు, అంటే టైరుకు రెండుంపావు. రోడ్డును ఎవురు ఎక్కువ తొక్కుతున్నారు చెప్పండి? ఓవర్‌లోడ్ పట్టుకుంటే 20 వేలు, ఆపైన టన్నుకు 2 వేలు అని మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో రాసుకున్నారు, సైడుకు, ఎత్తుకు సరుకు బయటికి పొడుచుకుని వచ్చినా 20 వేలే. కానీ తాడిపత్రి రాళ్ల లారీలు, ఇసుక టిప్పర్లు రాత్రంతా సర్రుమని పోతానే ఉంటాయి, అన్ని కాగితాలు చేతిలో పెట్టుకుని నడక స్పీడులో పోయే మమ్మల్నే ఆపుతారు, ఎందుకంటే మేము పారిపోలేం కదా. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు మాకంటే సులువుగా దొరికే బండి ఈ హైవే మీదనే లేదు.

ఇప్పుడు అసలు కష్టం. పర్మిషన్ దొరక్కపోవడం కాదు. పాల ప్యాకెట్ మాదిరి ఒక్కో కాగితానికి ఒక్కో డేట్ ఉంటుంది, ఆ డేట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఈ మధ్య మే నెలలో జరిగింది చెప్తా, ఊరి పేరు, కంపెనీ పేరు వద్దు.

గుజరాత్ పక్క నుంచి ఒక ట్రాన్స్‌ఫార్మర్, 100 టన్నులకు పైనే. హైదరాబాద్ మీదుగా తుంగభద్ర దాటి కర్నూలు, డోన్, గుత్తి, అంతా బాగానే వచ్చింది. పామిడి దాటినాక హైవే దిగి లోపలికి పోవాల. రాష్ట్ర రోడ్డు కాబట్టి ఆర్ అండ్ బీ పర్మిషన్, దాంట్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ అని ఒక వారం. ఆ వారంలోనే వాన పడింది. కరువు జిల్లా అని దేశమంతా పేరు, మా బండి దిగినప్పుడే వాన! ఆ పక్క నల్లరేగడి, రోడ్డు అంచు మెత్తబడిపోయింది, ఆపరేటర్ దిగి కాలితో తొక్కి చూసి అడుగు కూడా వేయను అన్నాడు, వేయకపోవడమే మేలు. రోడ్డు ఆరేలోపల కాగితం గడువు అయిపోయింది. మళ్లీ లెటర్, మళ్లీ సంతకం, సంతకం పెట్టే సార్ మీటింగులో, మీటింగ్ అయినాక ఇంకో మీటింగులో. కొత్తది వచ్చింది సరే, అప్పటికి కరెంటు వాళ్లు ముందు ఇస్తామన్న ఎల్‌సీ తేదీ పోయింది.

ఎల్‌సీ అంటే తెలుసు కదా, లైన్ ఆపి, పని చేసుకోమని సబ్‌స్టేషన్ నుంచి ఇచ్చే క్లియరెన్సు. ఆ రోడ్డుకు అడ్డంగా పోయే 11 కేవీ లైను వైర్లు దింపి, బండి దాటినాక మళ్లీ కట్టాల. అది వ్యవసాయ ఫీడరు. రైతులకు పగటిపూట 9 గంటలు కరెంటు, మే నెల, చీనీ చెట్లు వాడిపోయే ఎండ. పొద్దున 6 నుంచి 9 దాకా ఎల్‌సీ అనేసరికి ఊర్లో వాళ్లంతా వచ్చి నిలబడినారు. ఒక పెద్దాయన, తలకు టవల్ చుట్టుకుని, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏమప్పా, మా చేను కాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఇంకోటి ఏయించుకునేదానికి చెప్పులు అరిగేట్లు తిరుగుతాం మేము, ఇంత లావుది నీది వచ్చిందని మా మోటర్లు ఆపి దారి ఇడ్సాలనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఏం చెప్తా? "పెద్దాయనా, పొద్దున పోయిన మూడు గంటలు సాయంత్రం ఇప్పిస్తాం" అని అక్కడే ఉన్న లైన్‌మ్యాన్‌తో ఏఈకి (కరెంటు ఇంజనీరుకు) ఫోన్ చేయించి, స్పీకర్ పెట్టి, ఆయన నోటితోనే చెప్పించినాం. అప్పుడు ఒప్పుకున్నారు, రేపటికి అని.

అంతా సెట్ అయింది అనుకునే టైంకి ఈవే బిల్లు, సరుకు రోడ్డు మీద పోతుంటే జీఎస్టీ కింద వెంట ఉండాల్సిన కాగితం. దీని గురించి మీ ఏజెంట్ చెప్పి ఉండడు, రాసి పెట్టుకోండి. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు, ఓడీసీ అని టిక్ పెడితే 20 కిలోమీటర్లకు ఒక రోజు. 1400 కిలోమీటర్ల దారి అనుకుంటే ఓడీసీకి 70 రోజులు వస్తాయి, మామూలుగా కొడితే 7 రోజులు. ఫ్యాక్టరీ డిస్పాచ్‌లో కూర్చున్న పిల్లోడు మామూలుది కొట్టేసినాడు. ఏడు రోజుల్లో హైడ్రాలిక్ బండి యాడికి వస్తుంది? దారి పొడుగునా గడువు పెంచుకుంటానే వచ్చినారు. పెంచేటప్పుడు ఇంకా ఎంత దూరం ఉందో వేయాల, మాకు మిగిలింది 12 కిలోమీటర్లు, కాబట్టి ఒక్క రోజే ఇస్తుంది. బండి కదలకుండా చెట్టు కింద ఉన్నా సరే, రోజూ రాత్రి ఎవురో ఒకరు లాగిన్ అయి పెంచాల. అది కూడా గడువు తీరేదానికి 8 గంటల ముందు నుంచి, తీరినాక 8 గంటల లోపలే. అంటే సాయంత్రం 4 నుంచి మరుసటి పొద్దున 8 దాకా.

లాగిన్‌కు ఓటీపీ, 2025 ఏప్రిల్ నుంచి చిన్నా పెద్దా అందరికీ అదే. ఆ ఓటీపీ పోయేది ట్రాన్స్‌పోర్ట్ ఓనర్ ఫోనుకు. ఓనర్ వాళ్ల ఇంట్లో పెళ్లి. మే నెల కదా, ఎవరింట్లో చూసినా పెళ్లే. రాత్రంతా ఫోన్ చేసినా ఎత్తలేదు, బరాత్‌లో ఉన్నాడంట.

పొద్దున 6కి ఎల్‌సీ ఇచ్చేసినారు. లైన్‌మ్యాన్లు స్తంభాలెక్కి వైర్లు దింపేసినారు. మోటర్లు ఆగిపోయినాయి. ఊరంతా గట్టు మీద కూర్చుని చూస్తా ఉంది. డ్రైవర్ ఉత్తరప్రదేశ్ మనిషి, స్టార్ట్ చేయి అంటే బిల్లు చూపించు అంటాడు. ఆయనను అనడానికి లేదు, బిల్లు లేకుండా కదిలితే పన్నుకు రెండింతలు పెనాల్టీ, 5 కోట్ల సరుకు అనుకుంటే 18 శాతం 90 లక్షలు, రెండింతలంటే 1 కోటి 80 లక్షలు, పైగా బండి పోయి పోలీస్ స్టేషన్ ముందర నిలబడుతుంది. ఈ పల్లెలో పొద్దున్నే ఎవురు వస్తారు చూడటానికి అని నేనే అన్నా, వినలేదు. 7 అయింది. లైన్‌మ్యాన్ స్తంభం మీద నుంచే "ఏంటికి నిలబెట్టినారు సార్, మమ్మల్ని ఎండబెట్టేదానికా?" అని అరుస్తున్నాడు. పెద్దాయన నవ్వుతున్నాడు, తిట్టి ఉంటే బాగుండేది. 8 దాటితే ఆ బిల్లు ఇంక పెరగదు, ఫ్యాక్టరీ వాళ్లను లేపి కొత్తది చేయించుకోవాల, ఇంకో రోజు, ఇంకో ఎల్‌సీ, రైతులు అయితే మళ్లీ ఒప్పుకోరు. 7.40 అట్ల ఓనర్ తమ్ముడు ఎత్తి ఓటీపీ చెప్పినాడు. వెనక నాదస్వరం వినపడతా ఉంది. బిల్లు పెరిగింది, పుల్లర్ కదిలింది, 9కి ఇంకా పది నిమిషాలు ఉందనగా ఆఖరి టైరు లైను దాటింది. పొద్దున పోయిన కరెంటు సాయంత్రం ఇచ్చినారో లేదో నేనైతే మళ్లీ పోయి అడగలేదు, ఆ ఊరి మీదుగా పోవాలంటే ఇప్పటికీ మొహమాటం.

మీరే చూడండి, ఇందులో ఎవురూ పర్మిషన్ కుదరదు అనలేదు. ప్రతి ఆఫీసూ ఇచ్చింది. కానీ హైవే కాగితం, ఆర్ అండ్ బీ కాగితం, ఎల్‌సీ, ఈవే బిల్లు, ఈ నాలుగూ ఒకే పొద్దున చెల్లేట్టు చూసే మనిషి గవర్నమెంట్లో ఒక్కడు లేడు. కలెక్టరేట్లో ఒక టేబుల్ వేసి, ఓడీసీ బండి జిల్లాలోకి వస్తే అన్ని డేట్లు అక్కడే కలిపితే సగం ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు తగ్గుతుందని నేను గ్యారంటీగా చెప్తా. పెట్టరు. పైగా ఆఫీసులు పెంచుతారు. 2014 జూన్ 2 ముందు హైదరాబాద్ నుంచి వచ్చే లోడుకు తుంగభద్ర బ్రిడ్జి మామూలు బ్రిడ్జి, ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినాక కర్నూలు నుంచి కడపకు పోయే లోడుకు మధ్యలో నంద్యాల ఇంకో జిల్లా, ఇంకో ఎస్పీ ఆఫీసుకు ఇంకో లెటర్. జనాలకు జిల్లా ఆఫీసు దగ్గరైంది, కాదనను, మా బండికి మాత్రం దూరమైంది.

ఇంకోటి రైల్వే. ముందు గేట్లు ఉండేవి, కష్టమో నష్టమో డివిజన్ ఆఫీసు చుట్టూ తిరిగి 25 కేవీ వైరుకు బ్లాక్ (కాసేపు రైళ్లు, కరెంటు ఆపడం) తీసుకుని దాటించుకునేది ఉండె. ఇప్పుడు గేటు తీసేసి కింద అండర్‌పాస్ కట్టేసినారు, ఆటోలకు, ట్రాక్టర్లకు బాగుంది (వానొస్తే ఈత కొట్టాల, అది వేరే కథ), మాకు పర్మిషన్ అడిగేదానికి కూడా దారి లేదు, చుట్టు తిరిగి పోవాల్సిందే. హైవే ఫ్లైఓవర్ల కింద 5.5 మీటర్లు అని లెక్క, కానీ తారు మీద తారు వేసుకుంటా పోతే ఎత్తు తగ్గదా? బోర్డు మాత్రం మారదు. అందుకే సర్వేకు పోయేటప్పుడు నేను బోర్డులు చదవను, బండి ఎత్తుకు కొలిచి కట్టిన పైపు పట్టుకుని పోయి ప్రతి వైరు కింద, ప్రతి బ్రిడ్జి కింద నిలబెట్టి చూస్తా.

మీ ప్రశ్నకు వస్తే, బండ్లు కొనొచ్చు, పని ఉంది. రూట్ సర్వే మాత్రం ఏజెంట్ ఫొటోలు నమ్మకుండా మీ మనిషినే పంపండి, ముఖ్యంగా హైవే దిగినాక ఉండే దారికి. ఈవే బిల్లు ఫ్యాక్టరీ గేటు దాటకముందే ఓడీసీ అని ఉందో లేదో చూసుకోండి, ఓటీపీ వచ్చే ఫోను పెళ్లికి పోయే మనిషి దగ్గర పెట్టొద్దు. అన్నిటికంటే ముందు వర్క్ ఆర్డర్‌లో హాల్టింగ్ (బండి ఆగిన రోజుల ఖర్చు) ఎవరిదో రాయించుకోండి, రోజుకు ఇంత అని రేటుతో సహా, వానకు ఆగినా ఎల్‌సీకి ఆగినా కంపెనీదే అని. మాట్లాడుకుందాంలే అన్నారంటే ఆ లోడు వేరే వాళ్లకు వదిలేయండి, మీ పుల్లర్ ఈఎంఐ చెట్టు కింద ఉన్నా ఆగదు.