చూచినా సరే, తిరిగినా సరే

ప్రశ్న: పాత తెలుగు బైబిలులో యెషయా 45:22 ‘భూదిగంతముల నివాసులారా, నా వైపు చూచి రక్షణ పొందుడి’ అని ఉంది. మా అబ్బాయి చదివే కొత్త అనువాదంలో ‘నా వైపు తిరిగి’ అని ఉంది. ‘చూచి’ మరీ తేలికగా, ‘తిరిగి’ ఊళ్లు తిరిగినట్టుగా అనిపిస్తున్నాయి. ఏది సరైనది? ‘దిగంతం’ ఎలా వచ్చింది?

సమాధానం: రెండూ తప్పు కాదు. కాని ‘తిరుగు’ లాంటి మంచి మాటను అనుమానించారే, అదే నాకు నచ్చలేదు.

ఊళ్లు తిరగడం ఉంది, నిజమే. తిరుగుబోతూ ఉన్నాడు. అయితే బొట్టు పెట్టబోతూ అమ్మ ‘ఇటు తిరుగు’ అంటుంది చూడండి, అక్కడ కాలు కదలదు, ముఖం కదులుతుంది. యెషయా తిరుగుడు ఇదే. రెండు వచనాల ముందు చూడండి: కొయ్య విగ్రహాలను మోసుకుంటూ, రక్షించలేని దేవుడికి మొరపెట్టే జనాలు కనిపిస్తారు. పాపం, వాళ్లు మొదటి రకంగా తిరిగి తిరిగి ఉన్నవాళ్లే! పారసీక రాజు కోరెషు పేరు చెప్పి, బబులోను చెరలోని యూదులను ఓదారుస్తూ వచ్చిన ప్రవక్త, ఇక్కడికి వచ్చేసరికి అన్ని జనాలనూ పిలుస్తాడు.

హీబ్రూ మూలంలో ఉన్నది ‘పెనూ ఏలై’. ఆ క్రియకు, ముఖం అనే అర్థమున్న ‘పానీమ్’కు చుట్టరికం ఉంది. అంటే ముఖం ఇటు పెట్టండి అని. పాత గ్రీకు, లాటిన్ అనువాదాలు ‘తిరగండి’ అన్నాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘లుక్’ అంది. మన పాత తెలుగు బైబిలుదీ ‘లుక్’ దారే. మనకు మాత్రం ముఖంతో మాటలు లేవా? సుముఖం, విముఖం, అభిముఖం, పెడమొగం!

‘చూచి’ తేలిక అన్నారు. పోతన ప్రహ్లాదుణ్ణి అడగండి. ‘సురరక్షకునిఁ జూచు చూడ్కులు చూడ్కులు’ అంటాడు. చూపు చూపు అనిపించుకోవాలంటే ఎవరి వైపు చూస్తున్నామన్నదే లెక్క. ఇంతకంటే బరువు ఏం కావాలి?

ఇక నాకు ఇష్టమైన సంగతికి వస్తాను. ‘మళ్ళీ’ అనే మాట ఎక్కడిది? మరలు అంటే వెనక్కి తిరుగు. మరలి, మళ్ళి, మళ్ళీ. ‘తిరిగి’ కూడా అంతే: ‘తిరిగి వచ్చాడు’, ‘తిరిగి మొదలుపెట్టాడు’. ఇంకోసారి చేయడమంటే వెనక్కి తిరగడమేనని తెలుగువాడు రెండు మాటల్లో అన్నాడు. విచిత్రమేమంటే, ప్రవక్తలు పదేపదే వాడే హీబ్రూ ‘షూవ్’ కూడా అదే పని చేస్తుంది. తిరిగి రావడమూ అదే, ఇంకోసారి అనడమూ అదే. ఇంత పొందికైన మాటలను మనవాళ్లు ఏం చేస్తున్నారు? టీవీలో ‘మరల తిరిగి పునఃప్రారంభం’ అని చదువుతున్నారు. ఒకే వాక్యంలో మూడుసార్లు తిరిగితే కళ్లు తిరగవూ?

తీర్పు అంటారా? చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనమైతే మీరు ‘చూచి’ అనే చదవండి. అబ్బాయిని దిద్దకండి, మూలానికి వాడిదే కాస్త దగ్గర. నన్నే రాయమంటే ‘నా తట్టు తిరిగి’ అంటానేమో. ‘తట్టు’ పాత బైబిలుకు బాగా అలవాటైన మాటే, ఇప్పుడు ఎవరి నోటా వినబడక బెంగగా ఉంది.

దిగంతం: దిక్ + అంతం. క కాస్తా గ అయింది, అంతే.