మొదటిసారి ఇంట్లో హాప్స్ బీరు: వాసన నిలవాలంటే

అమెరికాలో ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో అపార్ట్‌మెంట్ వంటింట్లో, ఎలక్ట్రిక్ పొయ్యి మీద, 5 గ్యాలన్ల ఐపీఏ, అంటే హాప్స్ అనే పూలు ఎక్కువగా వేసే చేదు బీరు, చేద్దామనుకుంటున్నానని, కిట్ కొన్నాక టెన్షన్ మొదలైందని, ముఖ్యంగా ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పమని మీరు అడిగారు. నేను పక్కనే హిల్స్‌బొరోలో ఉంటాను. నాలుగేళ్లుగా ఇలాంటి పొయ్యి మీదే చేస్తున్నాను.

ముందుగా ఒక మాట. మొదటి బ్యాచ్‌కి ఐపీఏ వద్దు, అంతకన్నా తేలికపాటి బీరు పేల్ ఏల్ చేయండి. హాప్స్ రుచి బాగానే తెలుస్తుంది, ఖర్చు తక్కువ, చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. లైట్ డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ సారం పొడి) 6 పౌండ్లు, కాస్కేడ్ రకం హాప్స్ 5 ఔన్సులు, యూఎస్-05 రకం ఈస్ట్ ఒక ప్యాకెట్ చాలు. కాస్కేడ్ మన ఒరెగాన్‌లోని కోర్వాలిస్‌లో పుట్టిన రకమే, 1972లో విడుదల చేశారు. పంపరపనస లాంటి గ్రేప్‌ఫ్రూట్ తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన ఉంటుంది దానికి.

ఎలక్ట్రిక్ పొయ్యి మీద 5 గ్యాలన్లు సరిగా మరగడం కష్టం. 3 గ్యాలన్ల నీళ్లలో సగం ఎక్స్‌ట్రాక్ట్ వేసి మరిగించి, మిగతా సగం చివరి పావుగంటలో కలపండి. పొడి వేసే ప్రతిసారీ గిన్నె పొయ్యి మీంచి పక్కకి దించండి, లేకపోతే అడుగంటుతుంది. తొలి పొంగు వచ్చేవరకు అక్కడి నుంచి కదలొద్దు. పాలు పొంగినట్టే క్షణంలో పొంగుతుంది, పైగా కాయిల్ పొయ్యి కట్టేసినా వెంటనే చల్లారదు.

హాప్స్ ఎప్పుడు వేస్తామన్నదే ఇందులో అసలు సంగతి. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలోకి దిగాలంటే బాగా మరగాలి. వాసననిచ్చే నూనెలేమో మరిగేకొద్దీ ఆవిరైపోతాయి. రసంలో కొత్తిమీర దించే ముందే ఎందుకు వేస్తామో, ఇదీ అంతే. ఒక ఔన్సు మొదట్లో వేసి గంట మరిగించండి, ఒకటి చివరి 15 నిమిషాల్లో, ఇంకొకటి పొయ్యి కట్టేశాక. మిగిలిన రెండు ఔన్సులు డ్రై హాప్‌కి, అంటే పులిశాక మరిగించకుండా నేరుగా వేయడానికి, దాచండి.

తర్వాత సింకులో ఐసు నీళ్లు నింపి గిన్నె దించండి. గిన్నె కాస్త చల్లారాక, ముందే కాచి ఫ్రిజ్‌లో చల్లబరిచిన 2 గ్యాలన్ల నీళ్లు కలిపితే త్వరగా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వస్తుంది. ఇక్కడి నుంచి బీరుకి తగిలేవన్నీ శానిటైజర్‌లో ముంచి తీయాల్సిందే. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వని మా అమ్మమ్మే గుర్తొస్తుంది నాకు. స్టార్ శాన్ అనే శానిటైజర్ వాడితే ఆ నురగ గురించి కంగారుపడొద్దు, కడగక్కర్లేదు. చల్లారినదాన్ని బకెట్‌లో పోసి, ఈస్ట్ వేసి, మూత పెట్టి పులవనివ్వండి.

ఇప్పుడు నా మొదటి బ్యాచ్ సంగతి. మూడో రోజు నుంచీ ఆత్రం ఆగక రోజుకోసారి బకెట్ మూత తీసి చూశాను. సీసాల్లోకి గరాటుతో పైనుంచి పోశాను, లోపల బుడబుడమని నురగ కట్టింది. మొదటి సీసా బాగుంది. ఇంకో మూడు వారాలకి లేత బంగారు రంగు కాస్తా మట్టి రంగుకి తిరిగింది, నారింజ వాసన పోయి తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. దాదాపు నలభై సీసాలు. చాలా బాధేసింది. ఈస్ట్ వేసేటప్పుడు గాలి తగిలితే నష్టం లేదు. పులవడం అయ్యాక తగిలిన గాలి మాత్రం ముందుగా హాప్స్ వాసననే తినేస్తుంది. అందుకే మీకు నొక్కి చెబుతున్నాను, మూత తీయొద్దు. ఎయిర్‌లాక్‌లో (లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే మూత మీది అమరిక) బుడగలు ఆగినా తీయొద్దు.

బకెట్ పెట్టే చోటు 18 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. పులిసేటప్పుడు లోపల వేడి గదికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. పది రోజులకి ఒకే ఒక్కసారి మూత తీసి, డ్రై హాప్ వేసి వెంటనే మూసేయండి. మూడు నాలుగు రోజులు ఉంచాక బకెట్ కుళాయి నుంచి కొద్దిగా పట్టి హైడ్రోమీటర్‌తో (సాంద్రత కొలిచేది) చూడండి. పులవకముందు 1.052 దగ్గర ఉన్న సాంద్రత 1.012కి దిగి, రెండు రోజుల తేడాతో చూసినా మారకపోతే అయినట్టే, ఆల్కహాల్ 5 శాతం పైచిలుకు ఉంటుంది. డ్రై హాప్ వేశాక మిగిలిన చక్కెర మళ్లీ కొంచెం పులిసే అవకాశం ఉంది కాబట్టి ఆ తర్వాతి రీడింగునే నమ్మండి. తొందరపడి సీసాల్లో పోస్తే పగులుతాయి.

సీసాల్లో గ్యాస్ పుట్టడానికి 4 ఔన్సుల కార్న్ షుగర్ (మొక్కజొన్న చక్కెర) కాసిని నీళ్లలో మరిగించి, చల్లార్చి బాట్లింగ్ బకెట్‌లో పోయండి, దాని మీదికి ట్యూబుతో చప్పుడు లేకుండా బీరు దింపండి. సీసాలు నింపేటప్పుడు కూడా ట్యూబు అడుగుకి తగలాలి. గోధుమరంగు సీసాలే వాడండి, వెలుతురు తగిలితే హాప్స్ బీరు స్కంక్ అనే జంతువు కంపు కొడుతుంది. రెండు వారాలు గదిలో ఉంచి ఫ్రిజ్‌లోకి మార్చి, నెలా నెలన్నరలో తాగేయండి.

చట్టం గురించీ అడిగారు. 1978 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం సొంతానికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 వరకు చేసుకోవచ్చు, అమ్మకూడదు. హైదరాబాద్‌లో మీవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి మాత్రం ఈ పద్ధతి పంపకండి, అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో చేస్తే ఎక్సైజ్ కేసు అవుతుంది.

ఇంట్లో కుక్క ఉంటే, వాడేసిన హాప్స్ మడ్డి దానికి అందకుండా కవర్లో కట్టి అప్పుడే బయటి చెత్తడబ్బాలో వేసి రండి. హాప్స్ తింటే కుక్కలకి ఒళ్లు విపరీతంగా వేడెక్కుతుంది, ప్రాణం కూడా పోవచ్చు.