మిషనరీగా పరాయి దేశంలో ఒక వారం: నాకు గుర్తుండిపోయిన శ్రమల వారం

"మిషనరీగా విదేశం వెళ్తే వారమంతా ప్రార్థన, ధ్యానంలోనే గడుస్తుందా? విశ్వాసం బలపడుతుందా?" అని అడిగారు. మొదటి ముక్కకి జవాబు తేలిక. గడవదు. వారంలో సగం కారు స్టీరింగు వెనకాలే పోతుంది. రెండో దానికి ఒక్క మాటలో చెప్పలేను కాబట్టి నా అనుభవంలో ఒక వారం చెప్తాను.

మాది నెల్లూరు వైపు బాప్టిస్టు కుటుంబం. రెండేళ్ళు దక్షిణాఫ్రికాలో, డర్బన్‌కి ఉత్తరాన స్టాంగర్ చుట్టుపక్కల సంఘాల్లో ఉన్నాను. ఆ ఊరి పేరు ఇప్పుడు క్వాదుకుజా. "అక్కడెవర్ని మార్చడానికి పోతున్నావ్?" అని మావాళ్ళే ఎగతాళి చేశారు. మార్చడానికి ఎవరూ లేరు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా కూలి ఒప్పందాల మీద డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్ళారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. వాళ్ళ కోసం 1903లో తెలుగు బాప్టిస్టులే సొంతంగా చందాలు వేసుకుని నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని పంపారు. కియర్స్‌నీ టీ తోటల్లో ఆయన సంఘం మొదలుపెట్టింది ఆ ఏడే. అంటే తెల్లదొరలు మన దగ్గరికి మిషనరీలుగా వస్తున్న రోజుల్లోనే మనవాళ్ళు ఇంకో ఖండానికి మిషనరీని పంపారన్నమాట. నేను వెళ్ళేసరికి అక్కడ విశ్వాసుల్లో అయిదో తరం నడుస్తోంది. ఇంట్లో, గుడిలో అంతా ఇంగ్లీషే. తెలుగు రాదు.

ఆ ఏడాది ఈస్టరు ఏప్రిల్ మధ్యలో వచ్చింది. అక్కడ అది శరదృతువు. ఈస్టరుకి ముందు వారమే శ్రమల వారం. దాని మొదటి రోజు, మట్టల ఆదివారం, బాగానే గడిచింది. సోమవారం నాకు సెలవు. గుడ్ ఫ్రైడేకని దాచుకున్న తెల్ల చొక్కా ఉతికి తీగ మీద ఆరేశాను. కోతకి ముందు చెరకు తోటకి నిప్పు పెట్టి ఆకు కాల్చేస్తారని నాకు తెలుసు, ఆ రోజు ఏ తోట వంతో మాత్రం తెలీదు. మధ్యాహ్నం వచ్చి చూస్తే చొక్కా నిండా నల్లటి పీలికలు, నూలు పోగుల్లాగా. దులిపితే మరక, దులపకపోతే మచ్చ. మళ్ళీ ఉతికాను, అంతకంటే ఏం చేస్తాం.

మంగళవారం ఆసుపత్రి. షుగరు ముదిరి పాదం తీసేసిన ఒకాయన మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తున్నాను. మధ్యలో నా గొంతు నాకే వినబడింది. టేపు వేసినట్టు, ఆగాల్సిన చోట ఆగుతూ, బరువు పెంచాల్సిన చోట పెంచుతూ. లోపల మాత్రం ఏమీ కదలడం లేదు. ఆమెన్ అనగానే ఆయన కళ్ళు తెరిచి, "పాస్టర్, క్రికెట్ స్కోరెంత?" అన్నాడు. ఫోన్ తీసి చెప్పాను. ఆ రోజు నేను మనసుపెట్టి చేసిన పరిచర్య అదొక్కటే అనిపించింది. మీరు అడిగిన విశ్వాసం సంగతి ఇక్కడుంది. కష్టాలొస్తే నాకు విశ్వాసం సడలలేదు. జీతానికి ప్రార్థన చెయ్యడం అలవాటైనప్పుడు సడలింది. ఆ జీతమైనా పంపేవాళ్ళు రెండు నెలలుగా ఆలస్యం చేస్తున్నారనుకోండి, అది వేరే కథ.

బుధవారానికి గొంతు పోయింది. మిరియాల కషాయం, వేడినీళ్ళు, ఉప్పు పుక్కిలింత, ఏదీ పనిచెయ్యలేదు. గురువారం ప్రభురాత్రి భోజనం పెద్దలే నడిపించారు. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.

శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, మన ఊళ్ళల్లో లాగే. అయిదో మాట, దప్పిక మాట, నాది. గొంతే లేని మనిషికి దప్పిక మాట. నా బదులు ఒక కాలేజీ కుర్రాడు ఫోన్ చూసి నాలుగు ముక్కలు చదివాడు, నిజం చెప్పాలంటే నా ప్రసంగం కంటే బావుంది. తర్వాత డెబ్భై దాటిన ఒక ఆంటీ లేచి తెలుగు కీర్తన అందుకుంది. చేతిలో అట్ట ఊడిపోయిన చిన్న నోటుబుక్కు, వాళ్ళ అవ్వ పాడుతుంటే ఈమె చిన్నప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నది. త లన్నీ ట లు, దీర్ఘాలు ఎక్కడపడితే అక్కడ. రాగం మాత్రం మా అమ్మమ్మ పాడిన రాగమే, ఒక్క మలుపు కూడా తప్పలేదు.

ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి నోటుబుక్కులో వేలుపెట్టి చూపించింది. "పాస్టర్, డురీటము అంటే ఏమిటి? యెరూషలేము పక్కన ఏదో ఊరనుకుంటున్నా, ఇన్నేళ్ళూ."

దురితము. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి పాడుతున్న మాట. చెప్పబోయి ఆగిపోయాను. దుఃఖం అనుకునేవాణ్ణి, కానీ ఎవరూ చెప్పగా విన్నది కాదు. ఆవిడ ముందే ఫోనులో నిఘంటువు తెరిచి చూశాను. పాపం. గొంతు లేదు కదా, కాగితం మీద ఇంగ్లీషులో రాసిచ్చాను. ఆమె చదివి, కాసేపు ఊరుకుని, "అయితే ఆ ఊరు నాకు బాగా తెలుసు పాస్టర్" అంది.

నవ్వాను గానీ శనివారమంతా అదే ఆలోచన. అర్థం తెలీని మాటని ఆవిడ అరవై ఏళ్ళు భద్రంగా మోసుకొచ్చింది. భాష తెలిసిన నేను ఆ మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు. ఎవరి విశ్వాసం ఎక్కువ అని తూచడం నా పని కాదు గానీ, సిగ్గేసింది. ఆ రాత్రి ప్రార్థనలో ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. మంగళవారం నాటి టేపు ఆగింది.

ఈస్టరు తెల్లవారుజాము సంగతి కూడా చెప్పాలి. ఇండియా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి ఒంటిగంటకి మా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. మా ఊళ్ళో నాలుగున్నర, జనమంతా సమాధుల తోటలో ఉన్నారు. నాన్న పోయాక వచ్చిన మొదటి ఈస్టరు. కొత్తగా సున్నం వేసిన సమాధి, మీద బంతిపూలు, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తిని అరచెయ్యి అడ్డుపెట్టి అమ్మ మళ్ళీ వెలిగిస్తోంది. "ఏరా, తిన్నావా?" అంది. తల ఊపాను. చీకట్లో ఆమెకి కనబడిందో లేదో.

మీరు వెళ్ళాలనుకుంటే వీసా, టీకాల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే, ఫోనులో మంచి తెలుగు నిఘంటువు పెట్టుకెళ్ళండి. ఈస్టరు మర్నాడు సోమవారం అక్కడ ఫ్యామిలీ డే, సెలవు. అందరూ బీచికి పోతుంటే నన్ను కూడా రమ్మన్నారు. బయల్దేరుతుండగా ఆంటీ ఫోన్ చేసింది. రాత్రంతా కూర్చుని నోటుబుక్కులో తెలీని మాటలన్నిటి కింద పెన్సిలు గీత పెట్టిందట. పదిహేడు.